చుట్టాల నీళ్ళు

"ఈ డెల్టాలో ఊక లేని చోటు ఒక్కటి చూపించండి మేడం. మీ ఏడుకొండల్ని నేనే జీపెక్కించి ఇంటి దగ్గర దింపుతాను," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అనుదీప్.

 ఇందిర పంపు షెడ్డు గుమ్మంలో గొంతుక్కూర్చుని, ప్లాస్టిక్ కవర్లో సీలు వేసిన తెల్ల బస్తాను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఆమెకు యాభై రెండేళ్ళు. గుడివాడలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టకముందు పాతికేళ్ళు ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు తనిఖీ చేసింది. మునగని పడవలు మునిగాయనీ, కాలని గడ్డివాములు కాలాయనీ ఒట్లు వేసినవాళ్ళని బోలెడు మందిని చూసింది. అందుకే ఎదుటివాడు గొంతు పెంచితే ఆమెకు ముందు అనుమానం వస్తుంది, తర్వాత ఆవలింత వస్తుంది.

దివిసీమలో నాగాయలంక దాటి సముద్రం వైపు పోతే దిబ్బపాలెం. ఆదివారం ఆ ఊళ్ళో అమ్మవారి జాతర. ఆ సాయంత్రం ఒకరి తర్వాత ఒకరు, ఎనిమిది మందికి పెదవులు నీలంగా మారి, ఊపిరి అందక బందరు ఆసుపత్రిలో చేరారు. నీళ్ళలో నైట్రైట్ అనే రసాయనం కలిసిందని పరీక్షల్లో తేలింది. ఊరి మంచినీళ్ళ చెరువు దగ్గర పంపు నడిపేది ఏడుకొండలు. అతని షెడ్డులో సోమవారం ఆ రసాయనం తాలూకు ఖాళీ బస్తా దొరికింది. ఇవాళ బుధవారం. ఐదు గంటలకు అవనిగడ్డ కోర్టులో అతన్ని హాజరు పరుస్తారు. ఎనిమిది మందిలో ఆదిత్య అనే కుర్రాడి పరిస్థితి ఏమీ బాగాలేదు. అతనికేమైనా అయితే ఏడుకొండలు మీద పడేది హత్య కేసు. భర్తను విడిపించమని అతని భార్య నాంచారమ్మ నిన్న గుడివాడ వచ్చి ఇందిర ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. పని ఒప్పుకుంటున్నానని నోటితో చెప్పేదాకా లేవలేదు.

"ఊక బస్తా లోపల లేదు, బయట ఉంది," అంది ఇందిర లేస్తూ. "తడిసి, ముద్దకట్టి, ఒక పక్కనే అంటుకుంది. తడి ఊక మీద ఈడ్చిన బస్తా ఇది. ఈ షెడ్డులో ఊక ఏదీ? గచ్చు నేల, మోటారు, గ్రీజు. అంతే కదా."

"ఇది చేపలూరు మేడం. ప్రతి పడవ దగ్గరా ఐసుంటుంది, ఐసు మీద ఊకుంటుంది. రేవులో ఏ బస్తా ఈడ్చినా అంటుకుంటుంది."

"ఒప్పుకున్నాను. షెడ్డుకి తాళం ఉందా?"

"లేదు."

"అంటే బస్తా ఎవరైనా పడెయ్యొచ్చు."

అనుదీప్ నవ్వాడు. ముప్పై రెండేళ్ళవాడు, చురుకైనవాడు, ఉతికిన చొక్కా నలక్కుండా కేసు ముగించాలని తహతహలాడేవాడు. మూడు రోజుల్లో పేపర్లలో రెండుసార్లు ఫోటో పడింది. మూడోసారి ఇవాళ పడాలి. "జాతర ముందు రోజు నీళ్ళు ఆలస్యంగా వదిలాడని కమిటీవాళ్ళు వాణ్ణి నలుగురిలో చెంప మీద కొట్టారు. అది కక్ష. సోమవారం తెల్లారకుండానే తూము ఎత్తి చెరువులోకి కొత్త కాలవ నీళ్ళు పెట్టాడు. అది ఆనవాళ్ళు చెరపడం. బస్తా సరేసరి. ఇంకేం కావాలి మేడం మీకు?"

"సోమవారం కాలవ నీళ్ళ వంతు ఈ ఊరిది. కాలవ కాపలా చూసే లస్కరుని అడిగి వచ్చాను. ఆ పూట పెట్టుకోకపోతే మళ్ళీ వారం దాకా నీళ్ళు లేవు. పోనీ, మీరన్నట్టే ఆనవాళ్ళు చెరపడానికే అనుకుందాం. చెరువంతా కడిగేసినవాడు బస్తాని మాత్రం గుమ్మంలో మీకోసం ఆరేసి పెట్టాడా?"

"నేరం చేసినవాడికి బుర్ర పనిచెయ్యదు."

"మనకైనా పనిచెయ్యాలి కదండీ," అంది ఇందిర. "ఆ ఎనిమిది మందిలో ఈ ఊరివాళ్ళు ఎంతమంది?"

"ఎవరూ లేరు. అందరూ జాతరకొచ్చిన చుట్టాలే. ఊరివాళ్ళకి ఆ చెరువు నీళ్ళు అలవాటు."

"నీళ్ళు అలవాటవుతాయి. విషం కూడానా?"

అతని మొహం ఎర్రబడింది. "చూడండి మేడం, మధ్యాహ్నమే ఊళ్ళో కుళాయిలన్నీ సీలు చేయించాను. నాలుగింటికి ఊళ్ళో కలిగిన మనిషి చిన్నబాబుగారు ఊరంతటికీ మంచినీళ్ళ టిన్నులు ఉచితంగా పంచుతున్నారు. ఇంటికి రెండు. జనం దాహం నేను చూసుకుంటున్నాను. మీ క్లయింటు దాహం మీరు చూసుకోండి."

బస్తా లాక్కుని జీపెక్కాడు. అప్పటికి మూడు దాటింది. ఇందిరకు ఒళ్ళు మండింది. కుర్రాడి తెలివితక్కువ మాటలకు కాదు, వాటిని పడగొట్టే ఆధారం ఒక్కటీ తన చేతిలో లేనందుకు.

*

నాంచారమ్మ ఇల్లు చెరువు గట్టుకి దగ్గరే. సోమవారం నుంచీ ఆ గడప ఎవరూ తొక్కలేదు. గుమ్మం ముందు ఎవరో కోడిగుడ్డు పగలగొట్టి పోయారు. ఆమె దాన్ని కడిగి, మరక పోకపోతే మళ్ళీ కడిగినట్టుంది. అక్కడ మట్టి ఇంకా తడిగా ఉంది.

"కూర్చోండమ్మగారూ," అని నవారు మంచం వాల్చి, లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దులెండి. మీకియ్యకూడదు. చెరువు నీళ్ళేనండి. సీలెయ్యక ముందు పట్టుకున్న బిందె. ఇంట్లో కూలింగ్ టిన్ను లేదండి."

"నువ్వు తాగుతున్నావా ఇవి?"

"పుట్టిందగ్గర్నుంచీ ఇయ్యేనండి. పటిక తిప్పుకుని తాగుతాం."

"ఆదివారం కూడా తాగావా? సోమవారం?"

"మరి తాగకపోతే ఎట్టాగండీ? మా ఆయన కూడా తాగాడు. స్టేషనుకి తీసుకెళ్ళేటప్పుడు కూడా ఈ బిందెలోయే ముంచుకు తాగి ఎళ్ళాడు."

ఇందిర గ్లాసు అందుకుంది. నాంచారమ్మ వద్దంటుండగానే సగం తాగింది. కాస్త ఉప్పగా, పటిక వగరుతో ఉన్నాయి. సముద్రం దగ్గరి చెరువు, అలాగే ఉంటాయి. నాంచారమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు రోజుల్లో ఆ ఇంట్లో మరో మనిషి తాగిన మొదటి గ్లాసు అది.

"టిన్ను లేదని అంత బాధపడతావేం? అసలు ఈ ఊళ్ళో టిన్నులు ఎవరు తాగుతారు?"

"మేమెవరం తాగమండీ. చుట్టాలకండి. అల్లుడు ఇంటికొస్తే చెరువు నీళ్ళు పోస్తామాండీ? బజారు నీళ్ళు తాగే మనిషాయె. జాతరంటే ఇంటింటికీ అల్లుళ్ళూ వియ్యంకులూ వస్తారు. తలా ఒక కూలింగ్ టిన్ను దింపించుకున్నారు. మాకెవరూ రాలేదు గాబట్టి మేం తెప్పించలేదు."

ఇందిర చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఊళ్ళోవాళ్ళకి చెరువు నీళ్ళు, వచ్చినవాళ్ళకి టిన్ను నీళ్ళు. ఎవరూ దాచిన సంగతి కాదిది. ఎవరూ అడగలేదు, అంతే. తనకే ఇప్పటిదాకా తట్టనందుకు తనని తాను నాలుగు తిట్టుకుంది.

కానీ ఒక ముడి ఉంది. రోగం మొదలైన మర్నాడు పొద్దున్నే డాక్టర్ శ్రావ్య జబ్బుపడిన చుట్టాలు దిగిన ఏడిళ్ళకు తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టింది. ఏడాదిగా ఈ తీరంలో తాగునీటి మీద పరిశోధన చేస్తున్న మనిషి, అల్లాటప్పా పని చెయ్యదు. 'మీరు రోజూ తాగే నీళ్ళు' అని అడిగి మరీ పట్టింది. ఏడు సీసాల్లోనూ విషం ఉంది. రోజూ తాగేవి చెరువు నీళ్ళయితే, మరి వాటిలోకి విషం ఎలా వచ్చింది?

"డాక్టరమ్మ సీసా పట్టుకుని ఎవరింటికి వచ్చింది?"

"మా ఇంటికి రాలేదండి. పక్కింట్లో దుర్గ దగ్గరికి వచ్చింది. ఆ ఆదిత్యబాబు వాళ్ళ అల్లుడేనండి."

దుర్గ దడి అవతల గిన్నెలు తోముతోంది. బోటు ఓనరు భార్య. ఇందిర దడి దగ్గరికి వెళ్ళగానే తల తిప్పేసుకుంది.

"ఆ ఇంటి తరఫున వచ్చినవాళ్ళతో నాకు మాటల్లేవండి."

"ఒక్క ముక్క చెప్పు దుర్గా, వెళ్ళిపోతాను. మీ అల్లుడి మంచి కోసమే అడుగుతున్నాను. డాక్టరమ్మ ఇచ్చిన సీసాలో నీళ్ళు ఎందులోంచి పోశావు?"

"తాగే నీళ్ళు పొయ్యమన్నారు. పోశాను."

"బిందెలోంచా, టిన్నులోంచా?"

దుర్గ చేతిలో పీచు ఆగింది. ఆ ప్రశ్నలో తప్పేముందో వెతుక్కుంటున్నట్టు చూసింది. "టిన్నులోంచే పోశానండి. అంత చదువుకున్నమ్మాయి, పట్నం తీసుకెళ్ళి అందరికీ చూపించే సీసా అది. అందులో పాచి రంగు నీళ్ళు పోస్తే మా గురించి ఏమనుకుంటారు? నేనొక్కదాన్నేనా, అందరం అట్టాగే పోశాం. జాతర టిన్నులు అడుగున ఇంకా మిగిలున్నాయి కదా."

"రోజూ తాగేవి అని అడిగింది కదమ్మా."

"అడుగుతారండీ. అడిగినంత మాత్రాన ఇంటికొచ్చినమ్మాయికి అయ్యి ఇస్తామా?"

"ఆ టిన్నులు ఎక్కడివి?"

"చిన్నబాబుగారి ఐస్ ఫ్యాక్టరీవి. అక్కడే నీళ్ళ ప్లాంటు కూడా ఉంది. ఐసు చేసే గొట్టమే నీళ్ళ ట్యాంకులోంచి పోనిచ్చారంట, అందుకే అంత చల్లగా ఉంటాయి. ఇయ్యాళ మళ్ళీ పంచుతున్నారంట గదా. పాపం, దేవుడండీ ఆయన."

ఇందిర గడియారం చూసింది. నాలుగుకు పది నిమిషాలుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద పరుగు తీసింది. ఆమె పరిగెత్తి ఏళ్ళయింది, మోకాళ్ళు ఆ సంగతి అడుగడుగునా గుర్తుచేశాయి.

*

శ్రావ్య స్కూలు వరండాలో తన సామాను సర్దుకుంటోంది. మూడు రాత్రుల నిద్ర బాకీ ఆమె కళ్ళ కింద నల్లగా కనిపిస్తోంది.

"ఆ ఏడు సీసాల్లో నీళ్ళు ఏమైనా మిగిలాయా?" ఇందిర ఆయాసపడుతూ అడిగింది.

"ఉన్నాయండీ, ఐసు పెట్టెలో. ఏమైంది?"

"నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే పెన్ను ఉంటుంది కదా నీ దగ్గర. ఒకదాంట్లో ముంచు."

శ్రావ్య వింతగా చూసి, దుర్గ ఇంటి సీసా మూత తీసి పెన్ను ముంచింది. "రెండొందల చిల్లర."

"ఇప్పుడు చెరువు సీసాలో."

"కొత్త నీళ్ళు కలిశాక కూడా తొమ్మిదొందలు..." అంటూనే ఆగిపోయింది. మరో ఇంటి సీసా తీసింది. రెండొందలు. మరొకటి. రెండొందలు. ఏడూ చూసి పెన్ను పక్కన పెట్టింది. "ఇవి చెరువు నీళ్ళు కావు. ఫిల్టర్ చేసినవి. చెరువు సీసాలో విషం లేకపోతే, కాలవ నీళ్ళతో కొట్టుకుపోయిందనుకున్నాను. అసలు ఎప్పుడూ లేదన్నమాట."

"ఇది ముందే చూడలేదా?"

"మనుషులు నీలంగా అవుతుంటే విషం కోసం చూశామండీ. ఉప్పు కోసం చూడలేదు." సీసా మూత బిగించింది. "నా రిపోర్టు చూసే కదా ఆయన్ని పట్టుకెళ్ళారు."

"ఏడవడానికి తర్వాత టైముంది. ఐస్ ఫ్యాక్టరీలో నైట్రైట్‌తో పనేమిటి?"

శ్రావ్య కళ్ళు తుడుచుకుంది. "చల్లటి నీళ్ళు తిరిగే ఇనుప గొట్టాలు తుప్పు పట్టకుండా ఆ నీళ్ళలో కలుపుతారు. అది గొట్టం లోపలే ఉండాలి. గొట్టానికి చిల్లి పడితే..."

"అదే గొట్టం తాగే నీళ్ళ ట్యాంకులోంచి పోతోంది," అంది ఇందిర. "నైట్రైట్ తేల్చే నీ కాగితం పట్టీలు తీసుకుని రా. తొందరగా."

*

గుడి ముందు వ్యాను ఆగి ఉంది. బిందెలతో, ఖాళీ చేతులతో ఊరంతా వరసకట్టింది. మొదటి టిన్ను అప్పటికే కిందకి దించారు. తెల్ల చొక్కా, తెల్ల పంచెలో చిన్నబాబు ఒక ముసలామెకు దాన్ని అందిస్తున్నాడు. పక్కన అనుదీప్. ఎదురుగా ఫోన్లు పట్టుకుని ఇద్దరు విలేకరులు.

"ఆపండి," అంది ఇందిర. "ఆ నీళ్ళు ఎవరూ ముట్టుకోకండి."

"మేడం, దయచేసి ఇక్కడ గొడవ చెయ్యకండి," అనుదీప్ ఆమెకు అడ్డం వచ్చాడు. "జనం దాహంతో ఉన్నారు. మీ క్లయింటు కోసం ఊరంతటినీ ఎండబెడతారా?"

"ఒక్క నిమిషం ఎండితే ఎవరూ పోరు. తాగితే పోతారు. జబ్బుపడిన ఎనిమిది మందీ ఈ టిన్నుల నీళ్ళే తాగారు. డాక్టరమ్మ సీసాల్లో ఉన్నవీ ఇవే. ఈ అమ్మాయి చెబుతుంది వినండి."

"నిన్నటిదాకా చెరువన్న డాక్టరు ఇవాళ టిన్నంటారా? రేపేమంటారు?"

శ్రావ్య తల దించుకోలేదు. "నిన్న పొరపాటు పడ్డాను. అందుకే ఇవాళ మాటలు చెప్పను, చూపిస్తాను. ఇన్‌స్పెక్టర్‌గారూ, మీ ఇష్టమొచ్చిన టిన్ను మీరే తియ్యండి. మూత మీరే ఊడదియ్యండి. విషముంటే ఈ పట్టీ రంగు మారుతుంది."

విలేకరుల ఫోన్లు అటు తిరిగాయి. కాదంటే బాగుండదని అనుదీప్‌కు అర్థమైంది. వ్యాను లోపలి వరసలోంచి ఒక టిన్ను లాగి మూత పీకాడు. శ్రావ్య కాగితం పట్టీ ముంచి, అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకుంది. తెల్లగానే ఉంది. జనంలో ఎవరో నవ్వారు. అనుదీప్ నోరు తెరవబోయాడు.

పట్టీ కొస గులాబీ రంగుకు తిరిగింది. చూస్తుండగానే ముదిరి వంకాయ రంగుకు వచ్చింది.

"అదేంటి," అన్నాడు చిన్నబాబు. అతని మొహంలో ఉన్నది నటన కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సోమవారమే వెల్డింగ్ చేయించాను కదా."

ఆ మాట అన్నాక గానీ అతనికి తెలియలేదు తను అన్నానని.

"ఏ వెల్డింగండీ చిన్నబాబు గారూ?" ఇందిర చాలా మెత్తగా అడిగింది.

అతను వ్యాను తలుపు పట్టుకున్నాడు. "ఏదో... మామూలు రిపేరు..."

"చెరువులో విషం కలిసిందని ఊరంతా అంటున్న రోజున మీరు మీ నీళ్ళ ట్యాంకులో గొట్టానికి వెల్డింగ్ చేయించారు. అంటే చిల్లి సంగతి మీకు ఆ రోజే తెలుసు. తడి ఊకలో పడున్న ఖాళీ బస్తా మీ ఫ్యాక్టరీలోంచి తాళం లేని షెడ్డులోకి నడుచుకుంటూ వచ్చిందా?"

చిన్నబాబు అనుదీప్ వైపు చూశాడు. అనుదీప్ అతని వైపు చూడలేదు. వంకాయ రంగు పట్టీ వైపే చూస్తూ, ఫోను తీసి స్టేషనుకు చేశాడు. "ఏడుకొండల్ని కోర్టుకి తీసుకెళ్ళద్దు. ఆపండి. అవును, నేనే చెబుతున్నాను." పెట్టేసి ఇందిరతో, "మేడం, నేను..." అన్నాడు.

"తర్వాత అందురుగాని," అంది ఇందిర. గెలిచిన సంతోషం ఆమెకు ఇంకా అందలేదు. వ్యాను లోపల ఒక మూల ఖాళీగా ఉంది. మిగతా టిన్నులు గట్టిగా పేర్చి ఉండగా ఆ మూల మాత్రం చెక్క మీద తడి గుండ్రాలు ఉన్నాయి. "ఇక్కడ టిన్నులేవి? దారిలో ఎక్కడ దింపారు?"

చిన్నబాబు వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. ఈసారి దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "బాగైపోయిందనుకున్నానమ్మా. గొట్టం అతికాక నీళ్ళు బానే ఉంటాయనుకున్నాను. నా వల్లే పడుకున్నారు కదా పాపం అని... వ్యాను ముందు బందరు పంపించాను. ఆసుపత్రిలో ఆ ఎనిమిది మందికీ మంచం పక్కన తలో టిన్ను పెట్టి రమ్మన్నాను."

శ్రావ్య అప్పటికే నంబరు నొక్కుతోంది. వార్డులో నర్సు ఎత్తేదాకా రింగులు అవుతూనే ఉన్నాయి. స్పీకర్లో గొంతు వినపడింది.

"ఆదిత్యా? ఇవాళ చాలా నయం మేడం. మూడు రోజుల్నుంచీ గుక్కెడు దిగలేదా, ఇందాక వచ్చిన నీళ్ళు చల్లగా ఉన్నాయని అడిగి మరీ తాగుతున్నాడు. ఇదిగో, మళ్ళీ గ్లాసు చాపుతున్నాడు."

వరస చివర్నుంచి బిందె పట్టుకుని అప్పుడే ముందుకు తోసుకొచ్చిన దుర్గకు ఆ మాటలు వినిపించాయి. అంతకుముందు జరిగిందేదీ ఆమెకు తెలియదు. బిందె కింద పెట్టి, అమ్మవారి గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మా అల్లుడు నీళ్ళు తాగుతున్నాడంట," అంది ఇందిర వెనకాలే వచ్చి పక్కన నిలబడ్డ నాంచారమ్మ చెయ్యి పట్టుకుని, మూడు రోజుల పగ మర్చిపోయి.